వేడిని మోసే నీళ్ళు

కూలరు అనగానే మన ఇళ్ళలో గుర్తుకు వచ్చేది ఒక్కటే. వేసవి రాగానే కిటికీ దగ్గర పెట్టి, నాలుగు బిందెల నీళ్ళు పోసి, తడిసిన గడ్డి గుండా గాలి కొట్టించే పెద్ద పెట్టె. ఇప్పుడు కంప్యూటరు కొనేవాళ్ళు కూడా కూలరు అంటున్నారు. అందులో నీళ్ళతో పనిచేసేది ఒకటి ఉన్నదనీ, సీలు వేసి వస్తుందనీ, అది ఉంటే కంప్యూటరు మంచులా చల్లగా ఉంటుందనీ చెప్పుకుంటున్నారు.

పిల్లలూ, ఈ చివరి మాట నిజం కాదు. పేరు ఒకటే అయినా ఈ రెండు కూలర్లూ చేసే పనులు వేరు. ఆ తేడా తెలియనివాళ్ళు అక్కరలేని వస్తువుకు డబ్బు పోస్తారు. లేదా కావలసినదానికంటే చిన్నది కొని, మే నెల రాగానే కంప్యూటరు మొరాయిస్తున్నదని విచారిస్తారు. తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని మీ ఇంటికి కంప్యూటరు వచ్చేముందు ఈ సంగతి మీరూ, మీ పెద్దలూ కలిసి తెలుసుకోవటం మంచిది.

చిన్న బిళ్ళలో పెద్ద కొలిమి

కంప్యూటరులో లెక్కలన్నీ చేసేది ప్రోసెసరు. దాని లోపలి సిలికాన్ బిళ్ళ పోస్టు బిళ్ళకంటే చిన్నది. అది పుచ్చుకున్న విద్యుత్తు యావత్తూ చివరకు వేడిగా మారిపోతుంది. ఇంటెల్ కంపెనీవారి కోర్ ఐ9-14900కె అనే ప్రోసెసరు మామూలు వేళల్లో 125 వాట్లు, పూర్తి బరువు మీద పడినప్పుడు 253 వాట్ల వరకూ తీసుకుంటుంది. ఇస్త్రీపెట్టె అంతకంటే ఎక్కువ వాట్లే తీసుకుంటుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని ఇస్త్రీపెట్టె వేడి దాని అడుగురేకు అంతటా పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు లెక్క కట్టి చూస్తే, ఈ చిన్న బిళ్ళమీది వేడి ఇస్త్రీపెట్టె వేడికి పదిరెట్లకు పైగా ఉంటుంది!

ఈ ప్రోసెసరు 100 డిగ్రీలకు చేరిందంటే, తనను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటరు ఆగిపోతుంది. అందుచేత పుట్టిన వేడిని పుట్టినట్టే అక్కడినుంచి తరలించాలి. కూలరు పని అదే.

కుండ వేరు, కూలరు వేరు

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీరు పాఠాలలో చదివే ఉంటారు. కుండ గోడల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ, లోపలి నీళ్ళనుంచి వేడిని లాక్కుపోతుంది. అందువల్ల కుండలో నీళ్ళు గదిలోని గాలికంటే కూడా చల్లగా ఉంటాయి. గడ్డి కూలరు కూడా ఇదే పద్ధతిమీద నడుస్తుంది. అయితే గాలిలో తేమ ఎక్కువైతే నీరు సరిగా ఆవిరి కాదు. సూర్యలంక సముద్రానికి బాపట్ల సుమారు 9 కిలోమీటర్ల దూరం. అక్కడ ఉక్కపోత రోజున గడ్డి కూలరు ఎంత తిరిగినా చెమట ఆరదు. కారణం ఇదే.

కంప్యూటరుకు పెట్టే సీలు వేసిన కూలరులో చుక్క నీరు కూడా ఆవిరిగా బయటికి పోవలసిన పని లేదు. లోపలి నీళ్ళు లోపలే తిరుగుతూ ఉంటాయి. కనుక గాలిలో తేమ ఉన్నా, లేకపోయినా దానికి లెక్కలేదు. దాని లాభం అది. నష్టం కూడా అందులోనే ఉన్నది. కుండలాగా అది గదికంటే చల్లగా ఏనాడూ కాలేదు. గది 38 డిగ్రీలలో ఉంటే, ఆ నీళ్ళు 38 డిగ్రీలకు కిందికి దిగవు. అందువల్ల గొట్టాలమీద చెమ్మ పడుతుందేమోనన్న భయం కూడా అక్కరలేదు.

లోపల ఏమున్నది?

పొలంలో ట్రాక్టరు ముందుభాగం ఎప్పుడైనా చూశారా? అక్కడ సన్నని రేకులతో ఒక జల్లెడవంటిది ఉంటుంది. అది రేడియేటరు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీరు ఆ రేకులలోకి వస్తుంది. ఫ్యాను గాలి తగిలి చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి పోతుంది. కంప్యూటరు కూలరు దీనికి చిన్న తమ్ముడు.

ప్రోసెసరుమీద ఒక రాగి పలక ఆనుకుని ఉంటుంది. పలక లోపలివైపు వెంట్రుకలంత సన్నని గాళ్ళు ఉంటాయి. ఒక చిన్న పంపు ఆ గాళ్ళగుండా ద్రవాన్ని నెడుతుంది. వేడెక్కిన ద్రవం ఒక రబ్బరు గొట్టం వెంట అల్యూమినియం రేడియేటరుకు పోతుంది. ఫ్యానులు దాని రేకులమీద గాలి ఊదుతాయి. వేడి దింపుకున్న ద్రవం రెండవ గొట్టం వెంట వెనక్కు వస్తుంది. రాగీ, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే తినివేత పుడుతుంది కనుక, ఆ నీటిలో గ్లైకాలూ తినివేతను ఆపే మందులూ కలిపి, కర్మాగారంలోనే సీలు వేస్తారు. కొళాయి నీళ్ళు పోయటానికి వీలు ఉండదు, పోయనూ కూడదు.

నీటినే ఎందుకు ఎంచుకున్నారు? ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయటానికి కావలసిన వేడికి సుమారు 3,500 రెట్లు వేడి, ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి కావాలి. అంటే అంత వేడిని నీరు తన కడుపులో దాచుకుని మోసుకుపోగలదన్నమాట.

కంప్యూటర్లకు నీటిని వాడటం కొత్త కాదు. 1980లో ఐబిఎం కంపెనీ ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటరుకు నీటితోనే చలువ చేశారు. 1985లో వచ్చిన క్రే-2 అనే మహా కంప్యూటరులో విద్యుత్ పలకలను ఏకంగా ఒక ద్రవంలో ముంచి ఉంచారు. సీలు వేసిన చిన్న కూలర్లు ఇళ్ళలోకి వచ్చింది ఇటీవలనే. 2009లో కోర్సెయిర్ కంపెనీ అమ్మిన హెచ్50 వీటిలో పేరుపొందింది. దాన్ని తయారుచేసినది డెన్మార్కు దేశంలో పుట్టిన అసెటెక్ అనే కంపెనీ.

మురుగు కాలువ చెప్పే పాఠం

కృష్ణా డెల్టాలో ఉండేవారికి ఈ కూలరు కిటుకు సులభంగా తెలుస్తుంది. మన పొలాలకు పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యం. పెద్ద వాన కురిసినప్పుడు పొలంలో నిలిచిన నీరు మురుగు కాలువగుండా సముద్రానికి పోవాలి. కాలువ సన్ననిదైతే చేను మునుగుతుంది. కాలువ వెడల్పుగా ఉన్నా, సముద్రం పోటుమీద ఉంటే నీరు దిగదు.

ప్రోసెసరు వేడి ఆ వాననీరువంటిది. రేడియేటరు మురుగు కాలువ. గదిలోని గాలి సముద్రం. నీరు ఎత్తునుంచి పల్లానికి పోయినట్టే, వేడి ఎక్కువ వేడిగా ఉన్న చోటునుంచి తక్కువ వేడిగా ఉన్న చోటికి పోతుంది. మే నెలలో మన గది అంటే పోటుమీద ఉన్న సముద్రమే.

లెక్క వేసి చూద్దాం. ఒక కూలరు తన ప్రోసెసరును గదికంటే 50 డిగ్రీలు పైన నిలపగలదనుకోండి. 24 డిగ్రీల గదిలో ప్రోసెసరు 74 డిగ్రీల దగ్గర ఉంటుంది. 38 డిగ్రీల గదిలో 88 దగ్గర ఉంటుంది. రెండూ క్షేమమే. ఇంకొక చిన్న కూలరు 65 డిగ్రీలు పైన మాత్రమే నిలపగలదనుకోండి. 24 డిగ్రీల గదిలో 89 అవుతుంది, పరవాలేదు. 38 డిగ్రీల గదిలో 103 కావాలి. కాని 100 దగ్గరే ప్రోసెసరు వేగం తగ్గించుకుంటుంది. చలువ గదులలో పరీక్ష చేసి ఇది చాలునని ఎవరైనా చెబితే, మన వేసవికి ఎన్ని డిగ్రీలు కలపాలో మీరే కలుపుకోవాలి.

ఎంచుకునే ముందు అడగవలసినవి

మొదటి ప్రశ్న: ప్రోసెసరు ఎన్ని వాట్లది? ఎఎండి కంపెనీవారి రైజెన్ 5 7600 అనే ప్రోసెసరు 65 వాట్లది. దాని పెట్టెలోనే ఒక చిన్న గాలి కూలరు ఇస్తారు. దానికి నీళ్ళ కూలరు కొనటం ఎలుకను పట్టటానికి ఏనుగును తెచ్చినట్టు. 120 వాట్ల ప్రోసెసరుకు మంచి గోపురం కూలరు చాలు. నిలువుగా రేకులూ, రాగి గొట్టాలూ, ఒక ఫ్యానూ ఉన్నదాన్ని గోపురం కూలరు అంటున్నాను. తమాషా ఏమంటే, ఆ రాగి గొట్టాలలో కూడా కాస్త నీరు ఉంటుంది! అది అడుగున ఆవిరై, పైకి పోయి, అక్కడ మళ్ళీ నీరై కిందికి వస్తూ వేడిని మోస్తుంది. దానికి పంపు అక్కరలేదు. ఇక 200 వాట్లు దాటి, గంటల తరబడి పూర్తి బరువుమీద పనిచేసేదానికి పెద్ద రేడియేటరున్న నీళ్ళ కూలరు న్యాయమే.

రెండవ ప్రశ్న: పెట్టెలో పడుతుందా? రేడియేటర్లను వాటికి పట్టే ఫ్యానులనుబట్టి 120, 240, 360 మిల్లీమీటర్లు అంటారు. అంతకంటే పెద్ద ఫ్యానులవి 140, 280, 420. అయితే 240 అనేదాని అసలు పొడవు సుమారు 275 మిల్లీమీటర్లు ఉంటుంది. మందం ఫ్యానుతో కలిసి 50 దాటుతుంది. టేపు పెట్టి కొలిచిన తరువాతనే కొనాలి. ప్రోసెసరును బిగించే సాకెట్టు పేరు, ఎఎం5 అనో, ఎల్‌జిఎ 1700 అనో, కూలరు పెట్టెమీద ఉన్నదా అన్నది కూడా చూడాలి.

మూడవ ప్రశ్న: ఎట్లా బిగించాలి? ఎంత సీలు వేసినా లోపల కాస్త గాలి ఉంటుంది. ఆ గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరుతుంది. అక్కడ పంపు ఉంటే గడగడమని చప్పుడు చేస్తుంది, త్వరగా చెడుతుంది. కనుక రేడియేటరు పైభాగం పంపుకంటే ఎత్తున ఉండాలి.

నాలుగవ ప్రశ్న: ఎన్నాళ్ళు నిలుస్తుంది? రబ్బరు గొట్టాలగుండా ద్రవం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది. పంపు కూడా అరుగుతుంది. అందుకే అనేక కంపెనీలు అయిదారేళ్ళ హామీ మాత్రం ఇస్తాయి. హామీ ఎన్నేళ్ళో, ద్రవం కారి ఇతర భాగాలు చెడితే ఎవరు భరిస్తారో ముందే చదివి చూడండి. గోపురం కూలరులో ఫ్యాను చెడితే ఫ్యాను ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది. సీలు వేసినదానిలో పంపు చెడితే మొత్తం మార్చాలి. పైగా మంచి గోపురం కూలరు ధర తరచు నీళ్ళ కూలరు ధరలో సగానికంటే తక్కువే.

మూడు ఊళ్ళు, మూడు ఇళ్ళు

తెనాలిలో ఒక ఇంట పదో తరగతి చదివే అమ్మాయి ఉన్నదనుకుందాం. ఆమెకు పాఠాలు చూసుకోవటానికీ, ప్రోగ్రాములు రాయటానికీ, నాన్నగారి కొట్టు లెక్కలకూ కంప్యూటరు కావాలి. 65 వాట్ల ప్రోసెసరు ధారాళంగా చాలును. పెట్టెలో వచ్చిన కూలరే బిగించి, మిగిలిన డబ్బుతో మెమరీ పెంచుకోవచ్చు.

బాపట్లలో ఒకరు పెళ్ళి వీడియోలు కూర్చే పని చేస్తారు. మాఘమాసం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాలు. రాత్రంతా యంత్రం పూర్తి బరువుమీద నడవాలి. 253 వాట్ల ప్రోసెసరు వేగం తగ్గించుకుంటే, చెప్పిన రోజుకు పెళ్ళివారికి వీడియో అందదు. మాట పోతుంది. ఆ ఇంట 360 మిల్లీమీటర్ల రేడియేటరు ఆడంబరం కాదు, పనిముట్టు.

రేపల్లెలో ఒక అబ్బాయికి ఆటలంటే ఇష్టం. రైజెన్ 7 7800ఎక్స్3డి అనే 120 వాట్ల ప్రోసెసరు తీసుకుంటాడు. రంగురంగుల దీపాలున్న నీళ్ళ కూలరుమీద మనసు పడింది. వాళ్ళ అమ్మ, "దీపాలు వేడిని మోస్తాయా?" అని అడగాలి. మోయవు. మంచి గోపురం కూలరు కొని, పెట్టెకు గాలి ధారాళంగా వచ్చేటట్టు రెండు ఫ్యానులు చేర్చుకుంటే ఆట సాఫీగా సాగుతుంది. ఆ దీపాలు కావాలంటే కొనుక్కోవచ్చు. అయితే అది అలంకారానికి పెట్టిన ఖర్చని తెలిసి కొనాలి.

మూడు ఇళ్ళకూ ఒక మాట సమానం. కంప్యూటరును గోడ మూలకు నెట్టవద్దు. బీరువాలో బిగించవద్దు. రేకుల మధ్య దుమ్ము చేరితే కాలువలో గుర్రపుడెక్క పెరిగినట్టే. అప్పుడప్పుడు కంప్యూటరు ఆపి, తీగ ఊడదీసి, మెత్తని కుంచెతో దులపాలి.

మీరు చేయగల పరీక్ష

పెద్దలను దగ్గర పెట్టుకుని రెండు స్టీలు గ్లాసులలో సమానంగా వేడినీళ్ళు పోయండి. రెంటికీ మూతలు పెట్టండి. ఒకటి బల్లమీద ఉంచండి. రెండవదాన్ని చల్లని నీళ్ళున్న గిన్నెలో నిలపండి. పది నిమిషాల తరువాత తాకి చూస్తే, గిన్నెలోని గ్లాసు ఎక్కువ చల్లబడి ఉంటుంది. గిన్నెలో నీళ్ళు వెచ్చబడి ఉంటాయి. వేడి మాయం కాలేదు, చోటు మారింది, అంతే. ఇక ఎంతసేపు ఉంచినా ఆ గ్లాసు తన చుట్టూ ఉన్న నీళ్ళకంటే చల్లబడదు.

కంప్యూటరు కూలరు మనకు చల్లదనాన్ని తెచ్చి ఇవ్వదు. ఒకచోటి వేడిని మోసి ఇంకొకచోట దింపుతుంది. కనుక మీ ఇంట కూలరు మాట వచ్చినప్పుడు, రంగూ పేరూ చూసే ముందు రెండే అడగండి. మోయవలసిన వేడి ఎంత? దింపవలసిన గాలి ఎంత వేడి? ఈ రెంటికీ జవాబు చెప్పగలిగితే, ఏ కూలరు కొనాలో మీకు తెలిసినట్టే.