బండి సరే... డ్రైవరు ఎలా ఉన్నాడు?

లారీ ఎక్కడుందో, ఎంత వేగంతో వెళ్తోందో ఓనరు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్లో చూసుకోవచ్చు. మరి స్టీరింగు పట్టుకున్న మనిషికి నిద్ర ముంచుకొస్తోందేమో ఎవరు చూడాలి?

అర్ధరాత్రి దాటి మూడు గంటలు. విశాఖలో లోడెత్తుకుని చెన్నై బయల్దేరిన లారీ ఒంగోలు దాటిందనుకోండి. క్లీనరు ఎప్పుడో నిద్రపోయాడు. డ్రైవరు కళ్లు మండుతున్నాయి. దాబా పక్కన బండి ఆపి అలా తల వాల్చాడో లేదో... ఫోను మోగింది.

‘ఏమయ్యా, ఇరవై నిమిషాల్నుంచి బండి కదలట్లేదే?’ అవతల ఓనరు.

‘ఇదిగో సార్, బయల్దేరుతున్నా’ అంటూ తాళం తిప్పేశాడు డ్రైవరు.

ఆ రాత్రి అంత దూరంలోని బండి ఆగిందని ఓనరుకు చెప్పింది ఓ చిన్న డబ్బా. డ్రైవరు అలసిపోయాడని మాత్రం అది చెప్పలేదు!

అరచేతిలో పట్టేంత...

ఒకప్పుడు లారీ ఊరు దాటితే డ్రైవరు ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోను చేసేదాకా దాని జాడ తెలిసేది కాదు. ఇప్పుడా బెంగ లేదు. బండిలో బిగించే ట్రాకర్ ఉపగ్రహాల సంకేతాలను అందుకుని తానెక్కడుందో లెక్కగడుతుంది. అందులోని సిమ్‌కార్డు ఆ వివరాన్ని ఆఫీసుకు పంపుతుంది. వేగం ఎంత, ఎక్కడెంతసేపు ఆగింది, దారి తప్పిందా... అన్నీ తెరమీదే. సడెన్ బ్రేకులు ఎన్నిసార్లు పడ్డాయో చెప్పే పరికరాలూ ఉన్నాయి.

2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త బస్సులు, ట్యాక్సీల్లో ట్రాకర్‌తోపాటు అత్యవసర మీట కూడా ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆటోలకు మినహాయింపు ఇచ్చింది. బండి బ్యాటరీ తీగ తెగినా కొన్ని గంటలు పనిచేసేలా ట్రాకర్‌లో సొంత బ్యాటరీ ఉంటుంది. తెలంగాణ ఆర్టీసీ 2023లో తెచ్చిన ‘గమ్యం’ యాప్‌కి ఆధారం బస్సుల్లోని ట్రాకింగే.

నాలుగు సెకన్లు చాలు

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు నాలుగే నాలుగు సెకన్లు కునుకు తీస్తే బండి దాదాపు 90 మీటర్లు తనంతట తాను వెళ్లిపోతుంది! తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య శరీరం నిద్ర కోసం మారాం చేస్తుంది. టీ తాగినా, పాటలు పెట్టుకున్నా అది కాసేపే. అందుకే హైవేల మీద రాత్రిపూట బండ్లు ఆపి, ముఖం కడుక్కోమని డ్రైవర్లకు నీళ్లిస్తుంటారు పోలీసులు.

ఏకధాటిగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి చురుకుదనంతో సమానమని పరిశోధనలు తేల్చాయి. మన చట్టం డ్రైవర్లకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. చుక్క ముట్టకపోయినా నిద్రలేమి చేసే పని అదన్నమాట!

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి. అందులో ఎక్కువ మరణాలకు కారణం అతివేగమని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ‘పొద్దున్నే సరుకు దిగాలి’ అన్న తొందరే ఆ వేగానికి కారణమైతే, తప్పు ఒక్క డ్రైవరుదేనా?

గంటలు ఎవరు లెక్కపెడతారు?

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అనీ, ఐదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం గీత గీసింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో అది కలిసిపోయింది. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపిన లారీ డ్రైవరు 45 నిమిషాలు ఆగాల్సిందే. నడిపిన గంటలను లెక్కగట్టే పరికరం బండిలోనే ఉంటుంది. మన ట్రాకర్ బండిని చూస్తుంది. మనిషి గంటలు లెక్కపెట్టాల్సింది ఆఫీసులో కూర్చున్నవాళ్లే.

అదేమంత కష్టం కాదు. నాలుగు గంటలు ఆగకుండా నడిస్తే ‘కాసేపు ఆగు’ అని కబురు పెట్టొచ్చు. పదేపదే సడెన్ బ్రేకులు పడుతుంటే జీతం కోసే ముందు, నిద్ర సరిపోతోందా అని అడగొచ్చు. వేళకాని వేళ, ఊరూపేరూ లేనిచోట బండి ఆగితే సాయం పంపొచ్చు.

మనమూ...

ఇంట్లోవాళ్ల పాత్రా ఉంది. ‘ఎక్కడున్నావ్?’ అని గంటగంటకీ ఫోను చేస్తే డ్రైవరు చెయ్యి స్టీరింగు వదలాల్సిందే. ఫోన్లో లొకేషన్ పంచుకునే వీలుంది. బండి ఆగిందని చూశాకే మాట్లాడితే సరి.

అద్దె కారులో తిరుపతి వెళ్తాం. దర్శనం కాగానే ‘రాత్రికి రాత్రే వెళ్లిపోదాం’ అంటాం. మనం వెనక సీట్లో నిద్రపోతాం. పొద్దుట్నుంచీ నడిపిన డ్రైవరుకు మాత్రం నిద్ర అక్కర్లేదా? ఓ గది తీసుకునో, బయల్దేరడం తెల్లారేదాకా ఆపుకునో అతణ్ని నిద్రపోనిస్తే అందరం క్షేమంగా ఇల్లు చేరతాం.

మళ్లీ ఒంగోలు దగ్గరికి వద్దాం. అదే దాబా. అదే ఫోను. ఈసారి ఓనరు మాట వేరు...

‘పడుకున్నావా? మంచిపని చేశావ్. తెల్లారాకే బయల్దేరు. చెన్నైవాళ్లకి నేను చెప్తాలే!’