రాజ్యమే వ్యాపారి అయినప్పుడు: ఆజంజాహీ మిల్లు చరిత్ర, ఇస్లామీయ ఆర్థిక దృక్పథం

పరిశ్రమలు ఎవరి చేతిలో ఉండాలి? ప్రభుత్వం చేతిలోనా, వ్యాపారుల చేతిలోనా? గత వంద సంవత్సరాలుగా ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న చుట్టూ వాదించుకుంటూనే ఉన్నారు. ఒక పక్షం రాజ్యాన్ని నమ్మమంటుంది, రెండవ పక్షం మార్కెట్టును నమ్మమంటుంది. వరంగల్ ప్రజలకు ఇది పుస్తకాలలో మాత్రమే చదువుకునే వివాదం కాదు. ఈ నగరంలోని ఒకే ఒక్క మిల్లు చరిత్రలో రెండు పక్షాల బలమూ, బలహీనతా కూడా కనిపిస్తాయి.

ముందు పదాల సంగతి

స్టేట్ క్యాపిటలిజం అనే మాటను తెలుగులో రాజ్య పెట్టుబడిదారీ విధానం అంటున్నాము. ఉర్దూలో రియాసతీ సర్మాయాదారీ అంటారు. సర్మాయా అన్నా, అరబీలో రాసుల్‌మాల్ అన్నా మూలధనమే. ఈ అరబీ మాట బహువచన రూపంలో దివ్య ఖుర్‌ఆన్‌లో ఎక్కడ వచ్చిందో గమనించదగినది. వడ్డీని విడిచిపెట్టండని ఆజ్ఞాపించే సందర్భంలో (అల్ బఖరా: 279) అప్పిచ్చిన వానికి అసలుపై హక్కు ఉన్నదనీ, అతడు అన్యాయం చేయరాదనీ, అతనికీ అన్యాయం జరగరాదనీ చెప్పేచోట అది వచ్చింది. అంటే షరీఅత్ మూలధనాన్ని నిరాకరించలేదు. దాని హక్కుకు ఒక హద్దు గీసింది.

రాజ్య పెట్టుబడిదారీ విధానంలో యాజమాన్యం వ్యక్తి నుండి రాజ్యానికి మారుతుంది. కాని కూలి, లాభం, పైనుండి వచ్చే ఆజ్ఞ, వీటి మధ్య సంబంధం మారదు. రష్యాలో 1921లో నూతన ఆర్థిక విధానాన్ని ప్రవేశపెట్టినప్పుడు లెనిన్ ఈ మాటను దాచకుండానే వాడాడు. మన దేశంలో 1956 పారిశ్రామిక విధాన తీర్మానం మౌలిక పరిశ్రమలను ప్రభుత్వరంగానికి కేటాయించింది. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1991 నుండి గాలి ఎదురుదిశకు తిరిగింది.

మిల్లు కథ

ఆజంజాహీ మిల్లు 1934లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వెలసింది. ఆయన పెద్ద కుమారుడు ఆజంజాహ్ పేరే దానికి పెట్టారు. చుట్టూ పత్తి పండే నేల, పక్కనే కాజీపేట రైల్వే జంక్షన్ ఉన్నా, ఇంత పెద్ద మిల్లు పెట్టగల ప్రైవేటు ధనికులు ఆనాటి హైదరాబాద్ సంస్థానంలో అరుదు. అందుకే ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి నెలకొల్పి, వాటాల ద్వారా, అప్పుల ద్వారా పరిశ్రమలకు ఊతమిచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. 1945లో సింగరేణి కంపెనీలో అధిక వాటాలను నిజాం ప్రభుత్వమే కొన్నది. స్వాతంత్ర్యానికి ముందే, సోషలిజం పేరెత్తకుండానే, రాజ్యం పెట్టుబడిదారు కావడం ఇక్కడ జరిగింది.

1974లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి ఖాయిలాపడిన 103 బట్టల మిల్లులను జాతీయం చేసింది. ఆజంజాహీ మిల్లు కూడా జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్లింది. యంత్రాలు పాతబడ్డాయి, నష్టాలు పేరుకున్నాయి. చివరకు కార్మికులకు స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చి 2002లో మిల్లు మూసివేశారు. దాని భూమిలో ఎంతో భాగం ఇతర అవసరాలకు మారిపోయింది. జాతీయీకరణ అంటే జాతి సొత్తు కావడం. మరి మిల్లు మూతపడే నాడు జాతిని ఎవరు అడిగారు? అందులో చెమటోడ్చిన కార్మికుని మాటకు ఎంత విలువ దక్కింది? యజమాని పేరు మారినంత మాత్రాన కార్మికుడు భాగస్వామి కాలేదన్నది ఈ కథలోని మొదటి పాఠం.

మార్కెట్టు చేసినదేమిటి?

అయితే స్వేచ్ఛా మార్కెట్టే పరిష్కారమా? దానికీ వరంగలే సమాధానం చెబుతుంది. 1997-98లో ఈ జిల్లాలో పత్తిని లద్దెపురుగు తినేసింది. చల్లిన మందులు పనిచేయలేదు. అప్పుల భారం మోయలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలా చోట్ల విత్తనం, పురుగుమందు అప్పుగా ఇచ్చేవాడూ, పంట కొనేవాడూ ఒక్కడే. ఎవరి దగ్గర కొనాలో, ఎవరికి అమ్మాలో ఎంచుకునే స్వేచ్ఛ రైతుకు లేనప్పుడు దానిని స్వేచ్ఛా మార్కెట్టు అనడం మాటల మోసమే అవుతుంది. ఇక్కడ స్వేచ్ఛ అప్పిచ్చిన వానిది, వడ్డీ రైతుది.

కనుక మిల్లు మూతను చూపి మార్కెట్టును కీర్తించడమూ తప్పే, రైతు మరణాన్ని చూపి సర్వం ప్రభుత్వపరం చేయమనడమూ తప్పే. రెండు చోట్లా నష్టపోయినవాడు ఒక్కడే: నిర్ణయంలో భాగం లేకుండా నష్టంలో మాత్రం పూర్తి భాగం మోసినవాడు.

షరీఅత్ గీసిన హద్దులు

ఇస్లామ్ ఈ విషయంలో ఒకే మాటతో సరిపెట్టలేదు. వస్తువును బట్టి, పరిస్థితిని బట్టి తీర్పు చెప్పింది.

మొదటిది, అందరి సొత్తు. నీరు, పచ్చిక, నిప్పు, ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) తెలిపారు. యెమెన్‌లోని మారిబ్ ప్రాంతపు ఉప్పు గనిని అబ్‌యద్ బిన్ హమ్మాల్ (రజి) కోరగా ఆయన (స) ఇచ్చారు. అది ఊటనీటిలా తరగనిదని తెలిసిన వెంటనే తిరిగి తీసుకున్నారు. బొగ్గు నిప్పుకు మూలం. ఈ దృష్టితో చూస్తే రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి ప్రజల చేతిలోనే ఉండాలనేందుకు షరీఅత్‌లో బలమైన ఆధారం ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఇరాక్ సారవంతమైన భూములను సైనికులకు పంచక, రాబోయే తరాల కోసం నిలిపారు. సంపద ధనికుల మధ్యనే తిరగరాదన్న అల్ హష్ర్ సూరా ఉపదేశం (59: 7), ఆ వెంట తరువాతి తరాలను గూర్చి వచ్చిన ఆయతు (59: 10) అందుకు ఆధారాలు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం ఇమాం అబూ యూసుఫ్ రచించిన కితాబుల్ ఖరాజ్‌లో ఈ చర్చ వివరంగా ఉన్నది.

రెండవది, వ్యక్తి సొత్తు, బజారు స్వేచ్ఛ. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని సహచరులు కోరగా దైవప్రవక్త (స) అంగీకరించలేదు. ఎవరి ధనానికీ అన్యాయం చేయకుండా ప్రభువును కలుసుకోవాలన్నదే తన కోరిక అన్నారు. కాని ఆయనే (స) సరుకు దాచిపెట్టడాన్ని నిషేధించారు. పల్లె నుండి సరుకు తెచ్చేవారిని బజారు చేరకముందే దారిలో ఆపి, ధర తెలియనివ్వకుండా కొనడాన్ని కూడా నిషేధించారు. ఏనుమాముల మార్కెట్టులో నేటి ధర ఎంతో రైతుకు తెలియకముందే చేను దగ్గరే పత్తి తూకం వేసుకునే దళారీని తలచుకుంటే ఈ ఆజ్ఞ ఎంత లోతైనదో అర్థమవుతుంది. వర్తకులు కుమ్మక్కై ప్రజలను పీడించినప్పుడు ప్రభుత్వం న్యాయమైన ధర విధించవచ్చునని, విధించవలసినదేనని 1328లో మరణించిన ఇమాం ఇబ్న్ తైమియా హిస్బా గ్రంథంలో వాదించారు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. ధర సహజంగా పెరిగితే రాజ్యం వర్తకునిపై చేయిచేసుకోరాదు. మోసంతో పెరిగితే చేతులు ముడుచుకోరాదు.

మూడవది, రాజ్యం స్వయంగా వర్తకంలోకి దిగడం. 1377లో ముఖద్దిమా రచించిన ఇబ్న్ ఖల్దూన్ దీనికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించాడు. పాలకుడు వర్తకుడైతే ప్రజలకు నష్టమనీ, చివరకు ఖజానాకూ నష్టమేననీ ఆయన వాదన. కారణం సులభం. సాధారణ వర్తకులు దాదాపు సమాన బలంతో పోటీపడతారు. పాలకునితో పోటీపడగలవాడెవడు? అతడు తక్కువకు కొంటాడు, తన ధరకే అమ్ముతాడు. ఇతరులు వ్యాపారం మానుకుంటారు, పన్నుల రాబడి పడిపోతుంది. ఇరవయ్యవ శతాబ్దంలో మౌలానా మౌదూదీ కూడా సోషలిజాన్ని విమర్శిస్తూ, చిన్న పెట్టుబడిదారులందరినీ మింగే ఒకే మహా పెట్టుబడిదారుగా రాజ్యం తయారవుతుందని హెచ్చరించారు.

నేటి మూడవ రూపం

నేడు వివాదం కొత్త రూపు దాల్చింది. 2017 అక్టోబరులో వరంగల్ సమీపంలోని గీసుగొండ, సంగెం మండలాల్లో సుమారు 1200 ఎకరాల కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కులలో దీనికి స్థానం దక్కింది. ఇక్కడ ప్రభుత్వం మిల్లు నడపదు. భూమి, నీరు, విద్యుత్తు, రాయితీలు సమకూర్చుతుంది. పరిశ్రమను దక్షిణ కొరియా సంస్థ వంటి ప్రైవేటు పెట్టుబడిదారులు నడుపుతారు. ఇది పూర్తి ప్రభుత్వరంగమూ కాదు, పూర్తి స్వేచ్ఛా మార్కెట్టూ కాదు. అరబ్బు దేశాలలోనూ ఇటువంటి కలయికే కనిపిస్తుంది. 1980 నాటికి సౌదీ ప్రభుత్వపరమైన ఆరామ్కో 2019లో కొన్ని వాటాలను బజారులో అమ్మింది.

ఇటువంటి ఏర్పాటును తూచడానికి ఫిఖహ్‌లోని ముదారబా మనకు మంచి త్రాసు. అందులో ఒకరు ధనం పెడతారు, మరొకరు శ్రమిస్తారు. లాభం ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే ధనికుని ధనం పోతుంది, శ్రమికుని శ్రమ పోతుంది. లాభం ఒకరికి, నష్టం మరొకరికి అనే ఒప్పందానికి అక్కడ చోటు లేదు. పార్కు విషయంలో ప్రజలు భూమినీ రాయితీలనూ ఇచ్చారు. అంటే వారు పెట్టుబడి పెట్టినట్లే. మరి లాభంలో వారి వాటా ఏది? ఉద్యోగాలే వాటా అయితే, వాటి సంఖ్యా, జీతమూ, భద్రతా ఒప్పందంలో రాసి ఉన్నాయా? చేలు వదులుకున్న కుటుంబాలకు ఏమి దక్కింది? దర్రీలు నేసే కొత్తవాడ నేతగాళ్లకు ఈ పార్కు తోడు నిలుస్తుందా, పోటీకి వస్తుందా?

ప్రభుత్వమా, ప్రైవేటా అన్న ప్రశ్న కంటే ఈ ప్రశ్నలు ముఖ్యమైనవి. బొగ్గు వంటి అందరి సొత్తును అమానతుగా కాపాడటం, బజారులో మోసాన్నీ వడ్డీ బంధాన్నీ తెంచడం, ప్రజాధనం పెట్టినచోట లెక్క అప్పగించడం పాలకుని విధులు. ఈ విధులు నెరవేరితే మిల్లు ఎవరు నడిపినా ప్రజలకు మేలే. నెరవేరకపోతే గేటుపై ఎవరి పేరు రాసినా కార్మికునికి మిగిలేది పాత కథే. పౌరులుగా ఈ లెక్క అడగడం మన హక్కు. అమానతు గురించి తీర్పుదినాన ప్రశ్న ఉంటుందని నమ్మే వారిగా అది మన బాధ్యత కూడా.