డీజిలు యంత్రమునకు మేత అందు విధము

ఎద్దు మేత మానినచో రైతు వెంటనే కనిపెట్టి కారణము విచారించును. ట్రాక్టరు నిలిచినపుడు మాత్రము మెకానిక్కునకు కబురంపి గట్టుమీద గూర్చుండును. తొలకరి పదును ఎవరికొరకును నిలువదు. అదను తప్పిన నష్టము యంత్రభాగము వెలతో తీరునది కాదు. కావున యంత్రమునకు డీజిలు ఎట్లు చేరుచున్నదో సభ్యులెల్లరును తెలిసికొనుట యవసరము.

రవ్వ లేని మంట

పెట్రోలు యంత్రమున విద్యుత్తు రవ్వ మంట పుట్టించును. డీజిలు యంత్రమున రవ్వ లేదు. పిస్టను గాలిని 16వ వంతు మొదలు 20వ వంతు వరకు అణచును. సైకిలు పంపు కొట్టునపుడు గొట్టము వేడెక్కుట మనమెరిగినదే. ఇచ్చట ఆ వేడి 500 సెంటీగ్రేడు డిగ్రీలకు మించును. అట్టి గాలిలో డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో తనంతట భగ్గుమనును.

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఈ యంత్రమును జయప్రదముగ నడపెను. అందు తైలమును చిమ్ముటకు వేరుగా ఒత్తిన గాలి కావలసియుండుటచే యంత్రము మిక్కిలి బరువై యుండెను. తైలమునే నేరుగ ఒత్తి చిమ్ము పంపును బాష్ సంస్థ 1927 నుండి విరివిగ తయారుచేసిన పిదపనే డీజిలు యంత్రము లారీలకును ట్రాక్టర్లకును అనువయ్యెను.

డీజిలు నడచు త్రోవ

ఫీడు పంపు ట్యాంకునుండి డీజిలును తోడి, ఫిల్టరుల గుండ ఇంజెక్షను పంపునకు అందించును. అందలి ప్లంజరు దానిని సుమారు 200 బార్ల ఒత్తిడితో, అనగా లారీ టైరు గాలికి ఇరువది రెట్లకు పైగా, ఉక్కుగొట్టము ద్వారా ఇంజెక్టరునకు నెట్టును.

మూడు సిలిండరుల ట్రాక్టరు నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచు గంటకు 5 లీటర్లు త్రాగుచున్నదనుకొందము. ప్రతి సిలిండరునందును రెండు చుట్లకొకసారి చిమ్మవలెను గనుక, గంటకు మొత్తము 1,80,000 తడవలగును. తడవకు చేరునది ఒక బొట్టులో సుమారు సగము. ఇంత కొలతగా పనిచేయుటకై ప్లంజరునకును దాని గొట్టమునకును నడుమ రెండు మూడు మైక్రానుల ఎడము మాత్రమే యుండును. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు! కంటికి కానరాని ఇసుక దానిని గీరును. నీరు త్రుప్పు పట్టించును. గాలి చేరినచో ఒత్తిడి పుట్టదు.

రైతు చేయవలసినవి

1. సాయంకాలము పని ముగియగనే ట్యాంకు నింపవలెను. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరగును.

2. పీపాలోని డీజిలును కదల్పక తేరనిచ్చి, అడుగుది విడిచి, సన్నని జల్లెడగల గరాటుతో పోయవలెను. జింకుపూత డబ్బాలను వాడరాదు.

3. ఫిల్టరు గిన్నెలోని నీటిని తరచు వదలవలెను. ఫిల్టరులను పుస్తకమున చెప్పిన గంటలకు తప్పక మార్చవలెను.

4. పాత పద్ధతి ట్రాక్టరు డీజిలు అయిపోయి నిలిచినచో, ట్యాంకు నింపి, ఫిల్టరుపై గాలిమర వదులుచేసి, బుడగలు లేని డీజిలు వచ్చువరకు చేతిపంపు కొట్టి, మర బిగింపవలెను.

5. బలము హెచ్చునని పంపు సీలును కదల్పరాదు. కాలని డీజిలు నల్లని పొగయై పోవును.

6. ఇంజెక్టరు తుంపరకు చేయి అడ్డరాదు. అది చర్మములో దూరును. గాయము సూదిపోటంతయైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

50 అశ్వశక్తులకు మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి పొగ నిబంధనలు కఠినమగుటచే పెక్కింటికి కామన్ రైలు పద్ధతి వచ్చినది. అందు ఒత్తిడి 1,000 బార్లకు మించును. దాని గొట్టములను పొలమున విప్పరాదు.

ఎద్దునకు బూజుపట్టిన గడ్డి వేయని రైతు యంత్రమునకు మురికి డీజిలు పోయదగునా? ఫిల్టరు వెల స్వల్పము; పంపు మరమ్మతు భారము. శుభ్రమైన డీజిలే యంత్రమునకు బలము.