బాతులకు దారి ఇచ్చిన వడ్రంగి

సిడ్నీ అనగానే శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది మన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి. 2000లో అక్కడ జరిగిన ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రకెక్కింది. అదే సిడ్నీలో 1905లో పుట్టిన మరో క్రీడాకారుని కథ విశ్వాసులమైన మనమంతా తెలుసుకోదగినది. అతని పేరు బాబీ పియర్స్. వృత్తి వడ్రంగం, ఆట పడవ పందెం.

అది భావనపాడులోనో, కళింగపట్నంలోనో మనం చూసే పడవ కాదు. సింగిల్ స్కల్స్ అనే ఆ పోటీలో పడవ సన్నగా, పొడవుగా, ఒక్క మనిషి పట్టేంత మాత్రమే ఉంటుంది. రెండు చేతులకూ రెండు తెడ్లుంటాయి. రెండు వేల మీటర్లు ఒంటరిగా లాగాలి, అలసిపోతే తెడ్డు అందుకునేవాడుండడు. పైగా పడవ వేసేవాడు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు గనుక ముందు ఏముందో చూడాలంటే మెడ తిప్పి చూడవలసిందే. 2010 ఆసియా క్రీడల్లో మన దేశానికి చెందిన బజరంగ్ లాల్ తాఖర్ స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఒక కాలువలో క్వార్టర్ ఫైనల్ పందెం సాగుతోంది. ఉన్నట్టుండి గట్టున ఉన్నవాళ్లు కేకలు వేశారు. పియర్స్ మెడ తిప్పి చూస్తే, బాతుల కుటుంబమొకటి బారులు తీరి సరిగ్గా తన పడవకు అడ్డంగా ఈదుకుంటూ వెళుతోంది. అతడు తెడ్లు ఆపేశాడు. బాతులన్నీ దాటేదాకా ఆగాడు. ఈలోగా ఫ్రాన్స్ ఆటగాడు అతణ్ణి దాటి ముందుకు వెళ్లిపోయాడు. అవి వెళ్లిపోయాక పియర్స్ మళ్లీ తెడ్లు అందుకుని ఆ పందెమూ గెలిచాడు, ఆ తర్వాత ఫైనల్లో అమెరికా ఆటగాడు కెన్నెత్ మయర్స్‌ను ఓడించి స్వర్ణ పతకమూ గెలిచాడు.

కానీ బాతులకు దారి ఇచ్చిన ఆ మనిషికి సాటి మనుషులు దారి ఇవ్వలేదు. ఇంగ్లండులోని హెన్లీలో థేమ్స్ నది మీద జరిగే డైమండ్ స్కల్స్ పందెం ఆ రోజుల్లో ఎంతో ప్రతిష్ఠాత్మకమైనది. అందులో పాల్గొనాలని పియర్స్ ఆశించాడు. అయితే చేతిపని చేసుకుని బతికేవారు, కూలివారు పందేనికి అనర్హులని అక్కడ నియమముండేది. వడ్రంగివి కనుక నీకు ప్రవేశం లేదన్నారు. ఆర్థిక మాంద్యం వచ్చి పని దొరకక ఆ ఒలింపిక్ విజేత సిడ్నీలో చిత్తు కాగితాలు ఏరే పని చేసి పొట్టపోసుకున్నాడు.

1930లో కెనడాలోని హామిల్టన్‌లో బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలు జరిగాయి. కెనడా అంటే మనకు పరాయి పేరు కాదు, మన జిల్లాల్లో సువార్త ప్రకటించి బడులు, ఆస్పత్రులు నెలకొల్పిన బాప్టిస్టు మిషనరీల దేశమది. అక్కడా పియర్సే గెలిచాడు. అతని పరిస్థితి తెలిసిన లార్డ్ డ్యూవర్ అనే స్కాట్లండు విస్కీ వ్యాపారి, కెనడాలో తన సరుకు అమ్మే ఉద్యోగమిచ్చాడు. వెంటనే హెన్లీ తలుపులు తెరుచుకున్నాయి! 1931లో పియర్స్ డైమండ్ స్కల్స్ గెలిచాడు. 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మళ్లీ స్వర్ణం సాధించాడు. 1933లో వృత్తి క్రీడాకారుల ప్రపంచ టైటిల్ కూడా గెలిచాడు.

మనిషి మారలేదు, చేతులు మారలేదు, మారింది ఉద్యోగమొక్కటే. చిత్రిక పట్టిన చెయ్యి తక్కువదైంది, సారా సీసా అమ్మిన చెయ్యి గౌరవనీయమైంది. లోకపు కొలబద్ద ఇలాగే ఉంటుంది. అదే కొలబద్దతో నజరేతువారు మన ప్రభువును కొలిచారు. ఆయన జ్ఞానానికి ఆశ్చర్యపడుతూనే, ఈయన వడ్లవాడే కదా అని అభ్యంతరపడ్డారు (మార్కు 6:3). ఉలి పట్టిన చేతులే తమ రోగులను బాగుచేయగల చేతులని వారు గ్రహించలేదు. వారి అవిశ్వాసం వల్ల అక్కడ ఆయన కొద్దిమందిని మాత్రమే స్వస్థపరిచాడని అదే అధ్యాయం చెబుతుంది. వడ్లవాణ్ణి చిన్నచూపు చూస్తే వడ్లవానికి నష్టం లేదు, నష్టపోయింది ఊరే.

హెన్లీవారు ఆ నియమాన్ని 1937లో తీసేశారు. మరి మన సంఘాల్లో అది పోయిందా? కాగితం మీద లేదు నిజమే. కానీ హైదరాబాదులోనో, చెన్నైలోనో ఇటుకలు మోసి క్రిస్మస్‌కు ఇంటికొచ్చిన మన వలస కూలీ సోదరుడు ఆరాధనలో ఎక్కడ కూర్చుంటున్నాడు? ముందు వరుస కుర్చీలు ఎవరి కోసం ఖాళీగా ఉంచుతున్నాం? అతని కానుక తీసుకున్నంత తేలికగా కమిటీలో అతని మాట తీసుకుంటున్నామా? బంగారు ఉంగరం వాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టల వాణ్ణి పాదాల దగ్గర కూర్చోమనడం పాపమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం హెచ్చరిస్తోంది. ఆ మాటలు అన్యులకు కాదు, సంఘానికే రాసినవి. కాపరులమైన మేము కూడా ఈ తప్పునకు అతీతులం కాము.

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తే జనం ఊరుకోమన్నారు. యెరూషలేముకు, సిలువకు బయలుదేరిన యేసు మాత్రం ఆగి అతణ్ణి పిలిపించాడు (మార్కు 10:49). ఆయన ముందున్న పనికన్నా పెద్ద పని లోకంలో లేదు. అయినా ఒక బిచ్చగాడి కోసం ఆయన ఆగాడు. ఆగినందువల్ల ఆ పని ఆగిపోలేదు.

మనం కూడా పరుగులోనే ఉన్నాం. పిల్లల చదువులు, ఉద్యోగాలు, మందిర నిర్మాణాలు, మహాసభలు, ఒకటా రెండా! ఆ తొందరలో మనకు అడ్డంగా వచ్చే చిన్నవారు మనకు ఆటంకాలుగానే కనిపిస్తారు. బాతులు దాటేదాకా ఆగిన వడ్రంగి పతకం పోగొట్టుకోలేదు. ఒక్కసారి మెడ తిప్పి చూసుకుందాం. మన పడవ ముందు ఎవరున్నారో!