సాన బాగుంటేనే కత్తికి పదును

పదునైన కత్తి అంటే మనకి భయం. నిజానికి భయపడాల్సింది మొండి కత్తికి. టమాటా తొక్క మీద అది దిగదు, జారుతుంది. దిగడం లేదని ఇంకాస్త బలం పెడతాం. ఆ బలమంతా జారి వేలి మీదకొస్తుంది. పసుపు తవ్వే ముందు ఆకు కోసే ఆడవాళ్లనడగండి, కొడవలి మొద్దుబారితే సాయంత్రానికి మణికట్టు ఎంత లాగుతుందో చెబుతారు.

మా ఆర్మూరు వైపు ఉక్కు పని కొత్తది కాదు. కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవాళ్లు. దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లని 19వ శతాబ్దం మొదట్లో వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు రాశాడు. సానలోని గట్టి రాయి కూడా మనకు తెలిసిందే. దాన్ని కురువిందం అంటారు. ఇంగ్లీషువాళ్ల కొరండం అనే మాట ఇక్కడి నుంచి వెళ్లిందే. వెనకటికి ఆ పొడిని లక్కతో కలిపి చక్రాలు చేసేవాళ్లు. ఇప్పుడు అదే పదార్థాన్ని ఫ్యాక్టరీల్లో తయారుచేస్తున్నారు.

సాన పట్టే అతను సైకిలు ఆపగానే మనం బేరం మొదలుపెడతాం గానీ, ఆ చక్రం వంక చూస్తామా? ఈసారి చూడండి.

చక్రం ఊగకుండా గుండ్రంగా తిరగాలి. ఎగిరెగిరి తిరిగితే కత్తి అంచు వంకరలు పోతుంది.

దాని మొహం గరుగ్గా ఉండాలి. నున్నగా మెరుస్తోందంటే రాతి మొనలు అరిగి, సందుల్లో ఇనుప రజను నిండిందన్నమాట. అలాంటి చక్రం కోయదు, కత్తిని కాలుస్తుంది. అప్పుడు డ్రెస్సర్ అనే పనిముట్టుతో పైపొర గీకి కొత్త మొహం తేవాలి. ఇత్తడి, అల్యూమినియం లాంటి మెత్తని లోహాలు దాని మీద అరగదీస్తే సందులు ఇంకా తొందరగా పూడుకుపోతాయి.

పగులు ఉండకూడదు. బిగించే ముందు చక్రాన్ని వేలికి తగిలించి, చెక్కపిడితో తడితే ఖంగుమనాలి. బొద్దు శబ్దం వస్తే వాడకూడదు. కరెంటుతో తిరిగే కొత్త చక్రాన్నైతే పక్కకి నిలబడి ఒక నిమిషం ఉత్తినే తిప్పి చూడాలి.

కత్తిని మధ్యమధ్య నీళ్లలో ముంచమనండి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఉక్కు పదును చచ్చినట్టే. అలాగని ఆగి ఉన్న చక్రాన్ని సగం నీళ్లలో వదిలేయకూడదు. ఒకవైపే నీరు పీల్చి బరువెక్కి, తిరిగేటప్పుడు ఊగుతుంది.

ఇంట్లో సానరాయి ఉంటే తడిపి, కత్తి రెండువైపులా ఒకే వాలులో నూరండి. రాయి మధ్యలో గుంట పడితే చదునైన బండ మీద ఇసుక, నీళ్లు వేసి రుద్దండి. నూరిన కత్తిని కడిగి తుడిచాకే కూర ముట్టుకోండి. నిప్పురవ్వలు చూడ్డానికి వచ్చే పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇంకొక్క మాట. మొహం గీకిన ప్రతిసారీ చక్రం కొంత తరిగిపోతుంది. ఆ చక్రమే అతని పెట్టుబడి. మనం రూపాయి దగ్గర గట్టిగా పట్టుబడితే, అతను రాయి అరగకుండా చూసుకుంటాడు, గీకడం మానేస్తాడు. ఆ బేరం తిరిగి తిరిగి మన కత్తి మీదకే వస్తుంది. చక్రం బాగా ఉంచుకున్న మనిషికి అడిగినంతా ఇవ్వండి, వచ్చేనెల మళ్లీ రమ్మనండి.