తెర నల్లబడితే పెట్టె పోయినట్టేనా?

మెదక్: పెళ్లికి ఇంకా పన్నెండు రోజులే గడువు. శుభలేఖలు తీసుకుపోదామని పాపన్నపేట మండలం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఒక రైతు, పట్టణంలోని రాందాస్ చౌరస్తా సమీపంలో ఉన్న డి.టి.పి. దుకాణంలో బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎదురు చూశారు. ముందురోజు పేర్లన్నీ సరిచూసి కూర్చిన కార్డు కంప్యూటర్‌లోనే ఉంది. కంప్యూటర్ తెర మాత్రం నల్లగా ఉంది.

"నిన్న పొద్దూకేదాకా మంచిగనే నడిచింది. రాత్రి బంద్ చేసేటప్పుడు ఏదో అప్‌డేట్ అని తిరిగింది. పొద్దున చూస్తే గింత వెలుగుడు, మళ్ల ఆరుడు" అని దుకాణదారు వాపోయారు. మొదట వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాల్లో తీర్పు చెప్పాడు. పెట్టె పాతబడిపోయింది, నలభై వేలు పెట్టి కొత్తది కొనవలసిందేనన్నాడు.

ఆ సొమ్ము దుకాణదారుకు కొన్ని నెలల సంపాదన. పైగా డబ్బొక్కటే కాదు సమస్య. పన్నెండేళ్లుగా కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల రశీదు పుస్తకాలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. అవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వెలువడింది 2001లో. అను వంటి పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుర్తులను పెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. అందుచేత పెట్టె మార్చడం అనుకున్నంత సులువు కాదు.

2016 అక్టోబరు 11న మెదక్ పట్టణం జిల్లా కేంద్రమయింది. అంతకుముందు మెదక్ జిల్లా పేరుకు మెదక్ అయినా, కార్యాలయాలన్నీ సంగారెడ్డిలో ఉండేవి. ఇప్పుడు దరఖాస్తు రాయించాలన్నా, అఫిడవిట్ టైపు చేయించాలన్నా చుట్టుపక్కల గ్రామాల ప్రజలు ఇక్కడికే వస్తున్నారు. దుకాణంలో ఒక కంప్యూటర్ ఆగితే ఊళ్లో ఒకరి పని ఆగినట్టే.

లోపం ఎక్కడ?

సాయంత్రం వచ్చిన మరో యువ మెకానిక్ స్క్రూడ్రైవర్ తీయలేదు. ముందు కంప్యూటర్ ఆన్ చేసి, తెరవైపు కన్నార్పకుండా చూశాడు. మొదట కంపెనీ గుర్తు స్పష్టంగా కనబడింది. విండోస్ తెరుచుకునే సమయానికి తెర ఆరిపోయింది. "సామాను మంచిగనే ఉంది. డ్రైవర్ చెడింది" అన్నాడు.

ఈ గుర్తు ఎవరైనా పట్టవచ్చు. ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే, విండోస్ రాకముందే, తెర మీద గీతలు, మచ్చలు, చెదిరిన రంగులు కనబడితే కార్డులోనో, మానిటర్‌లోనో, కేబుల్‌లోనో దోషం ఉన్నట్టు. అప్పుడు బాగా ఉండి, విండోస్ వచ్చాక చెడితే ఎక్కువ సందర్భాల్లో డ్రైవర్‌దే తప్పు.

డ్రైవర్ అంటే దుబాసి వంటిది. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు భాష వేరు, విండోస్ భాష వేరు. ఇద్దరి మధ్య మాట అందించే చిన్న ప్రోగ్రాం పేరే డ్రైవర్. రాత్రి అప్‌డేట్‌తో పాటు కొత్త దుబాసి వచ్చి కూర్చున్నాడు. అతనికి పాత కార్డు మాట పొసగలేదు. జరిగింది ఇంతే.

పాత కార్డులకు ఈ చిక్కు ఎక్కువ. ఉదాహరణకు చిన్న దుకాణాల్లో విరివిగా కనబడే జి.టి. 710 కార్డులు కెప్లర్ తరానికి చెందినవి. ఆ తరానికి కొత్త డ్రైవర్లు విడుదల చేయడం ఎన్‌విడియా కంపెనీ 2021లోనే ఆపివేసింది. ముఖ్యమైన భద్రతా సవరణలు మాత్రం 2024 సెప్టెంబరు వరకు ఇచ్చింది.

చేయవలసిన పనులు

తెర ఆరిన వెంటనే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో పాటు బి మీట నొక్కితే డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. ఒక్కోసారి అంతటితోనే తెర వెలుగుతుంది. కానప్పుడు సేఫ్ మోడ్‌లోకి పోవాలి. తెర కనబడితే షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ ఇవ్వాలి. ఏమీ కనబడకపోతే, విండోస్ తెరుచుకుంటుండగా రెండు మూడు సార్లు పవర్ బటన్‌తో ఆపితే మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. సేఫ్ మోడ్‌లో కార్డు డ్రైవర్ పని చేయదు కనుక తెర మోటుగానైనా కనబడుతుంది.

అక్కడ డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ అనే భాగంలో రోల్ బ్యాక్ డ్రైవర్ ఎంచుకోవాలి. పాత దుబాసి తిరిగి వస్తాడు. ఆ బటన్ పనిచేయని స్థితిలో ఉంటే డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, ఇంటర్నెట్ తీసివేసి, ఆ కార్డు నంబరుకు సరిపోయే డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించాలి. దానిని ముందుగానే మరో కంప్యూటర్‌లో, కార్డు తయారుచేసిన కంపెనీ సైటు నుంచే తెచ్చుకోవాలి. డ్రైవర్లన్నీ ఉచితంగా సరిచేస్తామని ఊరించే ప్రోగ్రాంల జోలికి పోరాదు. వాటితో వైరస్ వచ్చే ప్రమాదముంది.

రాందాస్ చౌరస్తా దుకాణంలో రోల్ బ్యాక్‌తోనే తెర వెలిగింది. ఖర్చు ఆ కుర్రవాడి కూలి మాత్రమే.

ఏది మార్చాలి, ఏది వద్దు

తెర వెలిగినా పెట్టె నెమ్మదితనం పోలేదు. ఏం మార్చాలని దుకాణదారు అడగగా, మెకానిక్ మొదట హార్డ్ డిస్క్ చూపించాడు. తిరిగే పళ్లెం మీద రాసే పాత డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. పెడితే ముసలి కంప్యూటర్ కూడా చురుకవుతుంది. రెండవది ర్యామ్. నాలుగు జి.బి. ఉంటే ఎనిమిది చేయడం మేలు. డి.డి.ఆర్. 3 ర్యామ్, డి.డి.ఆర్. 4 ర్యామ్ గాడి ఒకచోట ఉండదు. కనుక పాత ముక్క చేతిలో పట్టుకునే దుకాణానికి పోవాలి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సామాను దొరుకుతుంది. బిల్లు, వారంటీ అడిగి తీసుకోవాలి.

కొత్త గ్రాఫిక్స్ కార్డు మాత్రం చాలామందికి అనవసరం. పేజ్‌మేకర్‌కు, దరఖాస్తులకు ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. అదనపు కార్డు పాడైతే దాన్ని తీసేసి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు సాకెట్‌కు తగిలిస్తే ఎక్కువ పెట్టెలు నడుస్తాయి. అయితే కొన్ని ప్రాసెసర్లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు. ముందు మదర్‌బోర్డు సాకెట్‌కు కేబుల్ పెట్టి చూసుకోవాలి. పెద్ద కార్డు వేయాలనుకునేవారు దాని కరెంటును ఎస్.ఎం.పి.ఎస్. మోయగలదో లేదో కూడా అడగాలి.

విండోస్ గడువు

ఒక మాట దాచిపెట్టి లాభం లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు భద్రతా సవరణల గడువును మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13గా ప్రకటించింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం, ఆపైవే పనికివస్తాయి. పదేళ్లు దాటిన పెట్టెలు ఈ లెక్కలోకి రావు.

అందుకని దుకాణదారు పాత పెట్టెకు ఇంటర్నెట్ తీసివేసి, అను అక్షరాల పనికే ఉంచుకున్నారు. బ్యాంకు, ఆధార్, భూముల దరఖాస్తుల పనికి మరో కంప్యూటర్ సమకూర్చుకునే వరకు ఆ గిరాకీ వదులుకున్నారు. నష్టమే గాని, జనం వేలిముద్రలు, కాగితాలు ఉండే పని అలాంటి పెట్టె మీద చేయడం తప్పని ఆయన అభిప్రాయం.

తీసేసిన పాత డిస్క్‌ను కూడా తుక్కు వ్యాపారికి వేయకుండా బీరువాలో పెట్టారు. అందులో ఎందరివో ఆధార్ నకళ్లున్నాయి. ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన డిస్క్‌లో నుంచి పోదని, అమ్మే ముందు పూర్తిగా తుడిపించాలని మెకానిక్ హెచ్చరించాడు.

ఇటువంటి మరమ్మతులు తెలిసినవారు పట్టణంలో తక్కువగా ఉన్నారని, నిరుద్యోగ యువకులకు శిక్షణ ఇప్పిస్తే వారికి ఉపాధి, తమకు ఊరట కలుగుతాయని దుకాణదారులు కోరుతున్నారు.

శుభలేఖలు మర్నాడు అచ్చయ్యాయి. రైతు లెక్కపెట్టుకుని సంచిలో వేసుకున్నారు. దుకాణదారు ఆ రాత్రి ఇంటికి పోకుండా పన్నెండేళ్ల ఫైళ్లన్నీ రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించారు. ఒకటి దుకాణంలో ఉంది, రెండవది ఇంట్లో.