హైదరాబాద్ గుర్తుగా ఏం కొనాలి?

హైదరాబాద్‌లో గుర్తుగా కొనుక్కెళ్లే వస్తువులు మూడు రకాలు. కొన్ని నగరంలోనే తయారవుతాయి. కొన్ని చుట్టుపక్కల జిల్లాల్లో తయారై ఇక్కడ అమ్ముడవుతాయి. ఇంకొన్ని ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండి, ఇప్పుడు పక్క రాష్ట్రంలోకి వెళ్లిన ఊళ్లవి. ఎక్కడో అచ్చుపోసి తెచ్చిన చార్మినార్ కీచైన్లు కూడా వీటి పక్కనే వేలాడుతుంటాయి. ఏ వస్తువు ఏ ఊరిది, దాన్ని ఎలా చేస్తారు అన్నది తెలిస్తే అసలును, నకలును వేరు చేయడం పెద్ద కష్టం కాదు.

నగరంలో పుట్టే వాటిలో మొదట చెప్పుకోవలసినవి లక్క గాజులు. చార్మినార్‌కు పడమటి వైపు సాగే లాడ్‌బజార్ అంతా వీటి దుకాణాలే. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురే లక్క. దాన్ని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచుతారు. వేడి తగ్గకముందే రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. వేడికి లక్క మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి కొలత కాస్త అటూఇటూ అయితే పనివారు సరిచేసి ఇవ్వగలరు. అదే కారణంగా ఈ గాజులను ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ముత్యాల సంగతి వేరు. హైదరాబాద్‌కు సముద్రం లేదు, ముత్యపు చిప్పలూ లేవు. నిజాముల కాలంలో ముత్యాలు పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా చైనాలోని మంచినీటి చెరువుల్లో పెంచినవి వస్తున్నాయి. నగరానిదల్లా పనితనం: బెజ్జం వేయడం, శుభ్రం చేయడం, సైజునూ రంగునూ బట్టి ఏరడం, జత కుదిర్చి గుచ్చడం. పత్తర్‌గట్టి దుకాణాల్లో కొనేవారు ‘ఇది హైదరాబాద్ ముత్యమా’ అని కాక, మంచినీటి ముత్యమా, సముద్రపు ముత్యమా అని అడగాలి. ధర గుండ్రదనం, మెరుపు, పరిమాణం, దండలో ముత్యాలు ఒకదానికొకటి కలిసిన తీరును బట్టి ఉంటుంది. రెండు ముత్యాలను మెల్లగా రుద్దితే అసలువి కాస్త గరుకుగా తగులుతాయి. గాజు, ప్లాస్టిక్ పూసలు నున్నగా జారుతాయి.

జిల్లాల నుంచి వచ్చే వాటిలో పోచంపల్లి బట్టలు ముందుంటాయి. ఇక్కడ రంగు వేసేది నేసిన గుడ్డకు కాదు, నూలుకు. డిజైన్ ప్రకారం నూలును కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకే పూవుల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి, రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వెనుకవైపు వెలవెలబోతే అది అచ్చు వేసిన నకలు. చీర కొనే స్తోమత లేకపోతే దుపట్టా, దిండు గలీబు, చేతిరుమాలు ఉన్నాయి. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకు సిల్క్ మార్క్ చూసి తీసుకోవాలి.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రాలు ఒకప్పుడు కథలు చెప్పేవారి కోసం గీసినవి. కులపురాణాలు గానం చేసే కళాకారులు పొడవాటి పటాన్ని విప్పుతూ, బొమ్మ వెంట బొమ్మ చూపిస్తూ కథ నడిపేవారు. గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఎక్కువగా ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. ఇప్పుడు ఒక్కో ఘట్టాన్ని చిన్న చట్రంలో అమరేలా గీసి ఇస్తున్నారు. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసే చేర్యాల మాస్కులు పిల్లలకు బాగుంటాయి. తేలికైన పొనికి కర్రతో చెక్కే నిర్మల్ బొమ్మలు, జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పని కూడా నగరంలో దొరుకుతాయి.

మూడో రకానికి మంచి ఉదాహరణ బీదర్ ఊరి బిద్రీ లోహపు పని. బీదర్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఇప్పుడు కర్ణాటకలో ఉంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, పైన గాడులు చెక్కి, వాటిలో వెండి తీగనో రేకునో కొట్టి దించుతారు. చివర బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. అసలు బిద్రీ చేతికి బరువుగా తగులుతుంది. నలుపు తగ్గితే కొద్దిగా కొబ్బరినూనె రాసి తుడిస్తే చాలు. కొనేముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత బిద్రీ పనిని చూసి వస్తే మంచి పని ఎలా ఉంటుందో కంటికి తెలుస్తుంది.

ఎక్కడ కొనాలన్నది ఓపికను బట్టి ఉంటుంది. తెలంగాణ హస్తకళల సంస్థ నడిపే గోల్కొండ షోరూముల్లో బేరం ఉండదు, బిల్లు ఉంటుంది. మాదాపూర్ శిల్పారామంలో చేసినవారితోనే మాట్లాడే అవకాశం దొరకవచ్చు, కానీ అక్కడి స్టాళ్లలో ఇతర రాష్ట్రాల సరుకూ ఉంటుంది. లాడ్‌బజార్‌లో బేరం తప్పదు. నాలుగు దుకాణాలు తిరిగాకే ధర అంచనాకు అందుతుంది. భౌగోళిక గుర్తింపు ఒక ప్రాంతపు ఉత్పత్తికి ఇచ్చేది. పేరు ఉన్నంత మాత్రాన ప్రతి దుకాణంలోని ప్రతి వస్తువూ అసలుదని అర్థం కాదు.

విదేశాలకు తీసుకెళ్లేవారు ఒక చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి పాతబస్తీలో ‘నవాబుల కాలం నాటిది’ అని అమ్మే వస్తువు కన్నా, ఈనాటి పనివారు చేసిన కొత్త వస్తువును బిల్లుతో కొనడమే మేలు. తినుబండారాలు ఇవ్వాలనుకుంటే ఉస్మానియా బిస్కెట్లు ప్రయాణాన్ని తట్టుకుంటాయి; బయలుదేరే రోజున కొంటే తాజాగా చేరతాయి.